25 మంది సిట్టింగుల్లో ఇద్దరే: పదవి ఓట్లు తెస్తుందా, తీస్తుందా

(నల్లగొండలో రాజనీతిశాస్త్రం విద్యార్థులు, మండల విలేకరుల ముందు చేసిన ప్రసంగం. మాట్లాడిన వరసలోనే రాసిపెట్టాం.)

అందరికీ నమస్కారం. ముందు ఒక లెక్క. పాత నల్లగొండ జిల్లాలో 12 అసెంబ్లీ సీట్లు, పాత మహబూబ్‌నగర్‌లో 14, మొత్తం 26. 2023 నవంబరు 30న పోలింగ్. ఆ ఎన్నికల షెడ్యూలు వచ్చేనాటికి ఈ 26 చోట్లా ఉన్నది బీఆర్‌ఎస్ (పాత పేరు టీఆర్‌ఎస్) ఎమ్మెల్యేలే. ఎక్కువమంది 2018లో కారు గుర్తు మీద గెలిచినవాళ్లు. ముగ్గురు ఉప ఎన్నికల్లో వచ్చినవాళ్లు. ఇద్దరు కాంగ్రెస్ నుంచి గెలిచి కండువా మార్చినవాళ్లు. ఈ 26 మందిలో 25 మందికి పార్టీ మళ్లీ టికెట్ ఇచ్చింది. గెలిచింది ఇద్దరు: సూర్యాపేటలో జగదీశ్‌రెడ్డి, గద్వాలలో బండ్ల కృష్ణమోహన్‌రెడ్డి. అలంపూర్ కూడా పార్టీకి దక్కింది గాని, అక్కడ సిట్టింగ్ ఎమ్మెల్యే అబ్రహాం పేరు ఆగస్టులో ప్రకటించి, చివరికి పార్టీ అభ్యర్థి అని ధ్రువీకరించే బీ ఫారం విజయుడి చేతికిచ్చారు. మనిషిని మార్చిన ఒక్క సీటూ నిలబడింది. మార్చని 25లో 23 పోయాయి.

ఈ లెక్క వినగానే విలేకరి మిత్రులు "సిట్టింగ్ అంటేనే ఓటమి" అని శీర్షిక పెట్టేస్తారు. కాస్త ఆగండి. అదే రోజు, అదే పార్టీ, హైదరాబాద్ జిల్లాలో 2018లో ఎన్ని గెలిచిందో 2023లోనూ అన్నే గెలిచింది. ఏడుకు ఏడు. మజ్లిస్ ఏడు, బీజేపీ ఒకటి కూడా అలాగే ఉన్నాయి. 15 సీట్ల జిల్లాలో కాంగ్రెస్‌కు ఒక్కటీ రాలేదు. పదవిలో ఉండడమే పాపమైతే అక్కడా తగలాలి కదా? కాబట్టి పదవి వల్ల వచ్చేదేంటి, పోయేదేంటి, ఏది ఎవరి ఖాతాలో పడుతుంది, ఇవి విడదీసి చూడాలి. ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. మన దగ్గర పదవి తెచ్చే మంచిపేరు పైకి, ముఖ్యమంత్రి ఫొటో దగ్గరికి పోతుంది. చెడ్డపేరు మాత్రం కిందికి, ఎమ్మెల్యే గుమ్మం ముందుకొచ్చి కూర్చుంటుంది.

ఈ విషయంలో పరిశోధన ఎక్కువగా అమెరికాలో జరిగింది. అక్కడి ప్రతినిధుల సభకు రెండేళ్లకోసారి ఎన్నిక. మళ్లీ పోటీ చేసిన సిట్టింగుల్లో సాధారణంగా 90 శాతానికి పైగా గెలుస్తారు. కారణాలు మన కళ్లకు వింతగా ఉంటాయి. ప్రతి సభ్యుడికీ ప్రభుత్వ ఖర్చుతో సిబ్బంది ఉంటారు. పింఛను ఆగిందన్నా, పాస్‌పోర్టు రాలేదన్నా ఆ సిబ్బంది పని చేసిపెడతారు, పేరు సభ్యుడికి వస్తుంది. ఓటర్లకు ఉత్తరాలు రాయడానికి తపాలా ఖర్చు ఉండదు. చాలా రాష్ట్రాల్లో నియోజకవర్గం గీతలు గీసేది కూడా రాజకీయ నాయకులే. పైగా ఓటింగులో పార్టీ మాట కాదనే స్వేచ్ఛ ఉంటుంది, "మన జిల్లా కోసం సొంత పార్టీనే ఎదిరించాను" అని ఊళ్లో చెప్పుకోవచ్చు. మన ఎమ్మెల్యేకు ఆ వీలు లేదు. 1985లో వచ్చిన ఫిరాయింపుల చట్టం కింద విప్‌ను, అంటే పార్టీ ఆదేశాన్ని, ధిక్కరిస్తే సభ్యత్వమే పోతుంది. సభలో సొంతగా సంపాదించుకునే పేరనేదే ఆయనకు మిగల్లేదు.

కాని ఆ 90 శాతం అంకెను నమ్మేముందు ఒకటి గమనించాలి. గట్టి అభ్యర్థి మొదటిసారి గెలుస్తాడు, గట్టివాడే కాబట్టి రెండోసారీ గెలుస్తాడు. అందులో పదవి చేసిందేముంది? పైగా ఓడిపోతానని తెలిసినవాడు ముందే తప్పుకుంటాడు, వాడు లెక్కలోకే రాడు. ఈ చిక్కు విప్పడానికి ఆర్థికవేత్త డేవిడ్ లీ 2008లో ప్రచురించిన పరిశోధనలో ఒక తేలికైన దారి చూపించాడు. హోరాహోరీగా జరిగిన సీట్లు మాత్రమే తీసుకోవాలి. వెంట్రుకవాసిలో గెలిచినవాడికీ, వెంట్రుకవాసిలో ఓడినవాడికీ సత్తాలో పెద్ద తేడా ఉండదు, తేడా అల్లా పదవే. ఆ తర్వాతి ఎన్నికలో రెండు పక్షాలకూ ఏమైందో చూస్తే పదవి బరువెంతో తేలుతుంది. అమెరికాలో అలా చూసినా పదవి గట్టిగానే కలిసొచ్చింది.

మన దేశంలో దాదాపు ఇదే పద్ధతిలో చూస్తే బొమ్మ తిరగబడింది. లీ లిండెన్ 2004లో లోక్‌సభ ఫలితాల మీద చేసిన పనిలో, 1991కి ముందు సిట్టింగులకు కొంత లాభం ఉండేదనీ, ఆ తర్వాత అది నష్టంగా మారిందనీ తేలింది. 2009లో యోగేశ్ ఉప్పల్ రాష్ట్ర అసెంబ్లీలు తీసుకున్నా సిట్టింగులకు నష్టమే కనిపించింది. అంటే మన 25 మంది కథ ఒక్క తెలంగాణది కాదు, ఒక్క పార్టీదీ కాదు. ఈ జిల్లాల్లో పాత ఉదాహరణలకూ కొదవలేదు. 1989లో కల్వకుర్తిలో ఓడినప్పుడు ఎన్టీ రామారావు ముఖ్యమంత్రి కుర్చీలో ఉన్నారు. ఏడుసార్లు గెలిచిన జానారెడ్డి 2018లో నాగార్జునసాగర్‌లో ఓడారు. వరుసగా నాలుగుసార్లు గెలిచిన కోమటిరెడ్డి వెంకట్‌రెడ్డికి అదే ఏడాది నల్లగొండలో చుక్కెదురైంది.

ఇప్పుడు దగ్గరికొద్దాం. ఎమ్మెల్యే చేతిలో ఉండే పనిముట్లేమిటి? పెద్దది ఆడపిల్ల పెళ్లికి సాయంగా ఇచ్చే కల్యాణలక్ష్మి చెక్కు. 2014 అక్టోబరు 2న 51,000 రూపాయలతో మొదలైంది, 2018కల్లా 1,00,116 అయింది. దాని దారి చూడండి. మీసేవలో దరఖాస్తు, తహసీల్దార్ విచారణ, ఎమ్మెల్యే సంతకం, ఆర్డీఓ మంజూరు, చివరికి మండల కేంద్రంలో ఫంక్షన్ హాలు, షామియానా, ఫ్లెక్సీ, ఎమ్మెల్యే చేతుల మీదుగా చెక్కు. డబ్బు ఖజానాది, ఫ్లెక్సీ మీద పెద్ద ఫొటో ముఖ్యమంత్రిది. ఎమ్మెల్యేకు దక్కేది ఆ పూట చేతికి చెయ్యి తగలడం. అది చిన్నదని నేననను. ఒక మండలంలో వంద చెక్కులు పంచితే వంద ఇళ్లలో ఆ ఫొటో గోడకెక్కుతుంది.

ఎక్కడ తప్పుతుందో చూడండి. చెక్కు చెల్లుబాటు మూడు నెలలే. ఎమ్మెల్యే తేదీ కుదిరేదాకా అది తహసీల్దార్ ఆఫీసు బీరువాలో ఆగిందనుకోండి, ఆడపిల్ల తండ్రి ప్రతి సోమవారం వచ్చి "ఎమ్మెల్యే సారు ఎప్పుడొస్తడు" అని అడిగిపోతాడు. బడ్జెట్ విడుదల కాక ఆలస్యమైనా ఆయన తిట్టేది ఆర్థికశాఖను కాదు, కళ్లకు కనిపించే మనిషిని. పెళ్లి నాటికి రావాల్సింది బిడ్డ పుట్టాక వస్తే, ఆ లక్షా నూటపదహారు రూపాయలు ఓటుగా మారవు. మారినా ఆ ఫొటోలో పెద్దగా ఉన్నాయనకే మారతాయి.

ముఖ్యమంత్రి సహాయనిధిదీ ఇదే తంతు. ఆస్పత్రి ఒరిజినల్ బిల్లులు, ఎమ్మెల్యే లెటర్, హైదరాబాద్‌లో పరిశీలన, అడిగినదానిలో కొంత మంజూరు. మూడు లక్షలు ఖర్చయిన ఇంటికి నలభై వేలొస్తే కృతజ్ఞత ఉంటుంది, లోపల కొంచెం చేదూ ఉంటుంది. "పక్కూరి ఆయనకు లక్ష వచ్చిందట" అన్న మాట మొదలైతే ఆ చేదే మిగులుతుంది.

అన్నింటికంటే ప్రమాదకరమైన పనిముట్టు ఎంపిక. అందరికీ వచ్చేదానికి ఎమ్మెల్యే అక్కర్లేదు, కొందరికే వచ్చేదానికి కావాలి. అప్పటి దళితబంధు చూడండి. కుటుంబానికి 10 లక్షలు, బ్యాంకు అప్పు లేదు, తిరిగి కట్టేది లేదు. ముందుగా అమలుచేసిన హుజూరాబాద్ తర్వాత రాష్ట్రమంతా నియోజకవర్గానికి 100 కుటుంబాలు అన్నారు, పేర్లు ఎమ్మెల్యే ఇవ్వాలన్నారు. ఒక్కో నియోజకవర్గంలో దళిత కుటుంబాలు వేలల్లో ఉంటాయి. వందమందికి ఇచ్చేసరికి మిగతా వేలమందికి "మా పేరెందుకు లేదు" అన్న ప్రశ్న పుడుతుంది. దానికి మర్యాదైన జవాబు లేదు. ఊరికి ఒకరో ఇద్దరో వచ్చిన చోట వాళ్లు పార్టీ కార్యకర్తలే అయి ఉంటే, ఆ ఊళ్లో ఇక ప్రచారం చేయాల్సిన పని ప్రతిపక్షానికి లేదు. కొందరు ఎమ్మెల్యేల మనుషులు లబ్ధిదారుల దగ్గర వసూళ్లు చేశారని 2023 ఏప్రిల్‌లో పార్టీ సమావేశంలో అప్పటి ముఖ్యమంత్రి కేసీఆరే హెచ్చరించినట్టు పత్రికలు రాశాయి. ఆ తర్వాత నాలుగు నెలలకే, ఆగస్టు 21న, 115 మంది పేర్లు ప్రకటించినప్పుడు మార్చింది ఏడుగురు సిట్టింగులనే. నా అభిప్రాయంలో 2023 ఓటమికి పునాది ఆ రోజే పడింది. 2018లోనూ సెప్టెంబరు 6న అసెంబ్లీ రద్దు చేసి అదే రోజు 105 మందిని ప్రకటించారు, దాదాపు సిట్టింగులందరికీ ఇచ్చారు, 88 సీట్లు గెలిచారు. ఒకసారి పారిన మంత్రం రెండోసారీ పారుతుందనుకున్నారు.

రైతుబంధు దీనికి పూర్తిగా ఎదురు. 2018 మేలో ఎకరానికి సీజనుకు 4,000 చొప్పున పంట పెట్టుబడి సాయంగా మొదలైంది, తర్వాత 5,000 చేశారు. మొదటి విడత ఊరూరా సభ పెట్టి, పట్టాదారు పాస్‌బుక్కుతో పాటు చెక్కు చేతికిచ్చారు. రెండో విడత అదే ఏడాది ఎన్నికల ముందు, ఎన్నికల ప్రవర్తనా నియమావళి (కోడ్) ఉండగానే, ఎన్నికల సంఘం షరతులతో నేరుగా బ్యాంకు ఖాతాల్లో పడింది. ఎంపిక లేదు, సంతకం లేదు, ఎమ్మెల్యే లేడు. ఫోను టింగుమంది, ముఖ్యమంత్రి గుర్తొచ్చాడు. ఆ డిసెంబరులో దాని బలం కనిపించింది. కౌలురైతుకు రాకపోవడం, ధరణి అనే ఆన్‌లైన్ భూ రికార్డుల్లో భూమి ఎక్కక పాస్‌బుక్కు రానివాళ్లు మిగిలిపోవడం, ఈ రెండు లోపాలూ ఐదేళ్లలో పేరుకున్నాయి. ఆ గొడవలతో రైతు తిరిగింది మళ్లీ ఎమ్మెల్యే ఇంటి చుట్టే. వచ్చినవాడు పైకి దండం పెట్టాడు, రానివాడు కింద ఉన్నాయన్ను పట్టుకున్నాడు. నియోజకవర్గాల్లో తిరిగిన విలేకరులందరికీ తెలిసిన మాటొకటుంది: "పెద్దాయన మంచోడే సారూ, గీడున్నోళ్లతోనే పరేషాన్." ఆ ఒక్క వాక్యంలో నా ప్రసంగమంతా ఉంది.

2023లో అదే రైతుబంధు మళ్లీ పోలింగు ముందుకొచ్చింది. నవంబరు 24న ఎన్నికల సంఘం పంపిణీకి అనుమతిచ్చింది, ప్రచారానికి వాడుకోవద్దన్నది షరతు. ఒక మంత్రి బహిరంగసభలో ఫలానా రోజు డబ్బు పడుతుందని చెప్పడంతో 27న ఆ అనుమతి వెనక్కి తీసుకుంది. పోలింగుకు మూడు రోజుల ముందు.

కోడ్ గురించి విలేకరులకు పనికొచ్చే నాలుగు ముక్కలు. షెడ్యూలు ప్రకటించిన నిమిషం నుంచే అది అమల్లోకి వస్తుంది, నోటిఫికేషన్ దాకా ఆగదు. 2023లో షెడ్యూలు అక్టోబరు 9న, నోటిఫికేషన్ నవంబరు 3న. ప్రభుత్వ ఆఫీసుల మీద నాయకుల ఫొటోలు, పోస్టర్లు 24 గంటల్లో తీయాలి. బస్టాండు, వంతెన, కరెంటు స్తంభం లాంటి చోట్ల 48 గంటలు, ప్రైవేటు గోడల మీద అనుమతి లేనివి 72 గంటలు. మొదలైన పనులు నడవొచ్చు. వర్క్ ఆర్డర్ ఉన్నా నేల మీద పార పెట్టకపోతే మొదలుపెట్టడానికి లేదు. అందుకే షెడ్యూలుకు ముందు వారం పది రోజులు ఎక్కడ చూసినా కొబ్బరికాయలే, శిలాఫలకాలే. మొదలైన పనులు, కానివి, రెండు జాబితాలూ 72 గంటల్లో పంపాలి. మీరు కలెక్టరేట్‌లో ఆ జాబితా అడగండి. మీ ఊరి సీసీ రోడ్డు "మొదలైంది" అని రాసుండి, అక్కడ కంకర కుప్ప కూడా లేకపోతే, వార్త మీ చేతిలో ఉన్నట్టే.

ఖర్చు లెక్కలో ఇంకో చిల్లు ఉంది. పెద్ద రాష్ట్రాల్లో అసెంబ్లీ అభ్యర్థికి ఖర్చు పరిమితి 40 లక్షలు, లోక్‌సభకు 95 లక్షలు. 2022 నుంచి ఇదే. ఈ లెక్క మొదలయ్యేది నామినేషన్ వేసిన రోజు నుంచి, ముగిసేది ఫలితం రోజు. ఆగస్టు 21న టికెట్ ఖాయమైన సిట్టింగుకు నవంబరు నామినేషన్ల దాకా రెండున్నర నెలలు దొరికాయి. ఆ రోజుల్లో తిరిగిన కార్లు, పెట్టిన భోజనాలు, కుల సంఘాల భవనాలకు ఇచ్చిన హామీలు ఏ రిజిస్టరులోకీ ఎక్కవు. కొత్త అభ్యర్థికి పేరు ప్రకటించేదే నామినేషన్ల ముందు. ఇది నిజమైన లాభమే. అయినా 25 మందిని గట్టెక్కించలేదంటే అవతలి గాలి ఎంత బలంగా వీచిందో ఆలోచించండి.

గాలి అన్నాను కాబట్టి అదీ కొలుద్దాం. రాష్ట్రమంతా చూస్తే 2018లో టీఆర్‌ఎస్‌కు దాదాపు 47 శాతం ఓట్లు, 2023లో బీఆర్‌ఎస్‌గా 37 శాతం చిల్లర. తొమ్మిదిన్నర శాతం పోయాయి. కాంగ్రెస్ 28 పైచిలుకు నుంచి 39 పైచిలుకుకు ఎక్కింది, 11 శాతం కలిసింది. రెండూ కూడితే ఇద్దరి మధ్య దూరం 20 శాతానికి పైగా జరిగింది. అంటే 2018లో కాంగ్రెస్ మీద 20 శాతం కంటే తక్కువ తేడాతో గెలిచిన సిట్టింగు, తాను ఏ తప్పూ చేయకపోయినా, సగటు గాలికే కొట్టుకుపోవాలి. దానికంటే ఎక్కువ పడిపోతే ఆ ఎక్కువది ఆయన సొంత పాపం. తక్కువ పడిపోతే ఆయన సొంత పుణ్యం. అయితే ఇక్కడొక జాగ్రత్త. 2018లో కాంగ్రెస్ మహాకూటమిలో ఉంది. మహబూబ్‌నగర్, మక్తల్ లాంటి చోట్ల కూటమి తరఫున తెలుగుదేశం పోటీ చేసింది. అలాంటి సీట్లలో కాంగ్రెస్ ఓటును దానితోనే పోల్చలేం, కూటమి ఓటుతో పోల్చాలి. రాష్ట్ర సగటులోనూ ఆ తేడా కొంత కలిసే ఉంది.

మనిషిని, పార్టీని విడదీయడానికి మన రెండు జిల్లాలు ఒక్కో మంచి ఉదాహరణ ఇచ్చాయి. నకిరేకల్‌లో 2018లో టీఆర్‌ఎస్ సిట్టింగ్ ఎమ్మెల్యే వేముల వీరేశం మీద కాంగ్రెస్ నుంచి చిరుమర్తి లింగయ్య గెలిచారు. 2019 జూన్‌లో 18 మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేల్లో 12 మంది అధికార పార్టీలో విలీనమయ్యారు, లింగయ్య వాళ్లలో ఉన్నారు. 2023లో వీరేశం కాంగ్రెస్‌లోకొచ్చి ఆయన మీద గెలిచారు. కొల్లాపూర్‌లోనూ అచ్చం అదే. 2018లో మంత్రిగా ఉన్న జూపల్లి కృష్ణారావు మీద కాంగ్రెస్ అభ్యర్థి బీరం హర్షవర్ధన్‌రెడ్డి గెలిచారు, గెలిచి అటు పోయారు. 2023లో జూపల్లి ఇటొచ్చి ఆయన్ను ఓడించారు. అవే ఇద్దరు మనుషులు, చొక్కాలు మార్చుకున్నారంతే. నాలుగు పోటీల్లోనూ గెలిచింది కాంగ్రెస్, ఓడింది అధికార పార్టీ, ఓడింది సిట్టింగ్ ఎమ్మెల్యే. ఇప్పుడు చెప్పండి, ఓడింది పార్టీ వల్లా, పదవి వల్లా? (నవ్వులు) ఈ నాలుగు ఫలితాలతో తేల్చలేం. మూడు కారణాలూ ఒకే గాడిలో పోతున్నాయి. సిట్టింగు ప్రతిపక్షంలో ఉన్న సీట్లు కూడా కలిపి చూస్తేనే జవాబు దొరుకుతుంది. పరిశోధన చేసే పిల్లలు ఈ చిక్కు గుర్తుపెట్టుకోండి. ఒక్క ఎన్నికలో, అధికార పార్టీ సిట్టింగులే నిండా ఉన్న జిల్లాలో, "పదవి వల్ల ఇంత శాతం పోయింది" అని ఎవరైనా చెబితే నమ్మొద్దు.

ఉప ఎన్నికల్లో కథ వేరు. హుజూర్‌నగర్ 2019, నాగార్జునసాగర్ 2021, మునుగోడు 2022, మూడూ అధికార పార్టీవే. మునుగోడు చూడండి. సుమారు 2 లక్షల 41 వేల ఓటర్లు, 93 శాతం పోలింగు, పది వేల పైచిలుకు మెజారిటీ. రాష్ట్రమంతా పరుచుకోవాల్సిన మంత్రులు, ఎమ్మెల్యేలు ఒక్క నియోజకవర్గంలో ఊరికొకరు దిగారు. ఆగిపోయిన బిల్లులు కదిలాయి, గుంతల రోడ్లకు తారు పడింది. కాళేశ్వరం నీళ్లన్నీ ఒక్క చెరువుకు మళ్లిస్తే నిండదా? పదమూడు నెలలు తిరిగేసరికి, మిగతా 118 చోట్లా ఎన్నిక ఉన్నప్పుడు, అదే మునుగోడు కాంగ్రెస్‌కు పోయింది. దుబ్బాక, హుజూరాబాద్ అధికార పార్టీకి దక్కలేదు కాబట్టి ఉప ఎన్నిక అంటే ఖాయమని కాదు. మొత్తం యంత్రాంగం ఒకచోట చేరితే మాత్రం పదవి బలం ఎంత దాకా పోగలదో అక్కడ కనిపిస్తుంది.

గుర్తు సంగతి ఒక్క మాటలో. పాత పార్టీకి జనానికి అలవాటైన గుర్తు పెద్ద ఆస్తి, దాన్ని పోలిన గుర్తు పెద్ద ముప్పు. 2019లో భువనగిరి సిట్టింగ్ ఎంపీ బూర నర్సయ్యగౌడ్ ఐదు వేల పైచిలుకు ఓట్లతో ఓడారు. అక్కడే ఆయన పార్టీ కారును పోలిన రోడ్డు రోలర్ గుర్తుకు 27 వేలకు పైగా పడ్డాయి.

ఇక నిబంధనలు. పదవిలో ఉన్నవాళ్లకు అన్నింటికంటే గట్టి రక్ష చట్టంలోనే ఉంది, దాని వెనక కథలో నల్లగొండ ఉంది. 1996 లోక్‌సభ ఎన్నికల్లో ఫ్లోరైడ్ నీళ్ల గోడు ఢిల్లీకి వినపడాలని జలసాధన సమితి పిలుపుతో వందల మంది నామినేషన్లు వేశారు. బరిలో 480 మంది. బ్యాలెట్ కాగితం పుస్తకమైంది. 477 మందికి డిపాజిట్లు పోయాయి. ఆ 480 మందిలో గెలిచిందెవరు? 1991లో గెలిచి అప్పటికే ఎంపీగా ఉన్న సీపీఐ నేత ధర్మభిక్షం. అదే ఏడాది తమిళనాడులో మొడకురిచ్చి అసెంబ్లీ సీటుకు 1,033 మంది నిలబడ్డారు. ఆ వెంటనే చట్టం మారింది. లోక్‌సభ డిపాజిట్ 500 నుంచి 10,000కు, అసెంబ్లీది 250 నుంచి 5,000కు పెరిగింది. తర్వాత 25,000, 10,000 అయ్యాయి, ఎస్సీ ఎస్టీలకు సగం. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థికి ఒక్కరు ప్రతిపాదిస్తే చాలు, స్వతంత్రుడికి పదిమంది కావాలి. చెల్లిన ఓట్లలో ఆరో వంతు రాకపోతే డిపాజిట్ పోయినట్టే. ఇవి అందరికీ కనిపించిన మార్పులు. నా దృష్టిలో అసలు మార్పు ఇంకోటి: ఉపసంహరణ గడువుకూ పోలింగుకూ మధ్య ఉండాల్సిన కనీస వ్యవధిని 14 రోజులకు కుదించారు. పేరు తెలిసినవాడికి రెండు వారాలు చాలు. పేరే తెలియనివాడికి 280 బూత్‌లున్న నియోజకవర్గంలో రోజుకు 20 బూత్‌లు తిరిగితేగాని ఒక చుట్టు పూర్తికాదు. నీళ్ల కోసం మనవాళ్లు చేసిన పోరాటం చివరికి కొత్తవాళ్ల తలుపు ఇరుకు చేసింది.

టైమైందంటున్నారు. ప్రశ్నలు తీసుకుంటాను.

(ప్రశ్న: సార్, సర్పంచ్ ఎన్నికలకు ఈ లెక్క వర్తిస్తదా?)

బాగా అడిగావమ్మా. సర్పంచ్ ఎన్నిక పార్టీ గుర్తుల మీద జరగదు కాబట్టి, పదవి వల్ల మనిషికొచ్చే లాభనష్టాలు చూడ్డానికి నిజానికి అదే మంచి చోటు. కాని రెండు అడ్డంకులు. మొదటిది రిజర్వేషన్. జనరల్ సీటు మహిళకో బీసీకో మారితే పాత సర్పంచ్ మళ్లీ నిలబడనే లేడు, భార్యనో తమ్ముడినో నిలబెడతాడు. ఆ ఓటును ఎవరి లెక్కలో వేస్తారు? రెండోది, అధికారం తక్కువ, బాధ్యత ఎక్కువ. 2018 పంచాయతీరాజ్ చట్టం చెక్కు మీద సర్పంచ్‌తో పాటు ఉపసర్పంచ్ సంతకం కూడా పెట్టమంది. ఇద్దరికీ పడకపోతే ఊరి పని ఆగుతుంది. నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలంది, లేకపోతే చర్య. 2019 జనవరిలో గెలిచినవాళ్ల పదవీకాలం 2024 జనవరి చివర్లో ముగిసింది, సొంత డబ్బు పెట్టి చేసిన పనుల బిల్లులు చాలామందికి రాలేదు. తర్వాత దాదాపు రెండేళ్లు ప్రత్యేకాధికారులే నడిపారు, 2025 డిసెంబరులో మూడు విడతల్లో ఎన్నికలయ్యాయి. రెండేళ్లు కుర్చీలో లేనివాణ్ణి సిట్టింగ్ అనాలా, మాజీ అనాలా? నన్నడిగితే, ఆ ఎన్నికను ఈ లెక్కకు వాడకపోవడమే మంచిది.

(ప్రశ్న: మా నియోజకవర్గంలో సిట్టింగ్ సొంత ఓటు ఎంతో మేమే లెక్కగట్టాలంటే?)

ఫారం 20 తీసుకోండి. బూత్‌వారీ ఫలితాల పట్టిక అది, రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి వెబ్‌సైట్‌లో ఉంటుంది. 2018ది, 2023ది పక్కపక్కన పెట్టండి. మీ సీటులో పార్టీ ఓటు శాతం ఎంత మారిందో చూసి, అందులోంచి రాష్ట్ర సగటు మార్పు తీసేయండి. మాటవరసకు మీ దగ్గర 50 నుంచి 36కు, 14 శాతం పడిందనుకుందాం. తొమ్మిదిన్నర గాలిది, మిగతా నాలుగున్నర స్థానికం. ఆ స్థానికంలో సిట్టింగుది ఎంతో తెలియాలంటే ఆయన సొంత మండలం, సొంతూరు బూత్‌లు విడిగా తీయండి. అక్కడా మిగతా చోట్లంతే పడితే ఆయనకు సొంత ఓటు లేనట్టు. సొంత మండలంలో నిలబడి పక్క మండలాల్లో కూలితే, పనులన్నీ ఒకే మండలానికి పట్టుకెళ్లాడన్న కోపం అయ్యుండొచ్చు. ఆ మండలాల మంజూరు ప్రొసీడింగ్స్ తెచ్చి సరిచూడండి. అభ్యర్థి కులం బలంగా ఉన్న బూత్‌లు వేరే గుర్తుపెట్టుకోండి, అవతలి పార్టీ అదే కులపాయనకు టికెట్ ఇచ్చిందేమో చూడండి. పోస్టల్ బ్యాలెట్లు ఏ బూత్‌లోనూ చేరవు, చివర్లో విడిగా ఉంటాయి, వాటిని శాతాల్లో కలపకండి. ఇంకో మాట. బూత్ నంబర్లు నమ్మొద్దు. ఓటర్లు పెరిగిన చోట బూత్‌ను రెండు చేస్తారు, అక్కణ్నుంచి కింది నంబర్లన్నీ జరుగుతాయి. 2018లో 112 నంబరు మీ ఊరి బడి అయితే, 2023లో 112 పక్క తండా అయ్యుండొచ్చు. ముందు పోలింగు కేంద్రాల జాబితాలు రెండూ దగ్గర పెట్టుకుని, బడి పేరు, గది పేరు చూసి జతకట్టండి. పని మొత్తంలో ఎక్కువ టైం పట్టేది అక్కడే.